కొత్త షుగర్, పాత రిపోర్టు

యాభై దాటాక రక్తపరీక్షలో షుగర్ బయటపడితే మన దేశంలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. వయసు, వంశం, తిండి, పొట్ట... కారణాలు సిద్ధంగానే ఉంటాయి. డాక్టరు మాత్రలు రాసి, రోజూ నడవమంటారు. ఆ పైన నాలుగైదు కిలోలు తగ్గితే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. చిక్కల్లా అక్కడే. నోరు కట్టుకోకుండా, చెమటోడ్చకుండా తగ్గిన బరువు మంచి సూచన కాకపోవచ్చు.

ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమగ్రంథిలో క్యాన్సర్ మొదలైతే కడుపునొప్పి, కామెర్లు కనిపించడానికి నెలల ముందే రక్తంలో చక్కెర పెరగవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2005లో ఈ సంగతిని లెక్కలతో చూపారు. 50 ఏళ్లు పైబడ్డాక కొత్తగా మధుమేహం వచ్చిన 2,122 మందిలో 18 మందికి మూడేళ్లలోపే క్లోమ క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. నూటికి ఒక్కరు కూడా కాదు. అయినా మామూలుగా ఉండాల్సినదానికి అది దాదాపు ఎనిమిది రెట్లు. చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్నవారికీ ముప్పు కాస్త ఎక్కువే గానీ, ఈ స్థాయిలో కాదు.

అలాగని షుగర్ వచ్చిన ప్రతి ఒక్కరినీ స్కానింగ్‌కు పంపడం కుదరదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైనే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ క్లోమ క్యాన్సర్ తక్కువ కూడా. అందుకే ఎవరిని అనుమానించాలన్నది ముఖ్యం. మేయో పరిశోధకులే 2018లో ఒక జల్లెడ తయారుచేశారు. షుగర్ మొదలైన వయసు, అంతకుముందు ఏడాదిలో బరువులో వచ్చిన మార్పు, చక్కెర స్థాయి పెరిగిన తీరు... ఈ మూడింటిని బట్టి ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేస్తారు.

ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. కావలసింది నిరుటి బరువు, నిరుటి రిపోర్టు. మన దగ్గర దొరకనివీ అవే. డాక్టరు మారినప్పుడల్లా ఫైలు మళ్లీ మొదటి పేజీతో మొదలవుతుంది.

క్లోమ క్యాన్సర్ బయటపడేసరికి పదిమందిలో ఎనిమిదిమందికి ఆపరేషన్ చేసే అదను దాటిపోయి ఉంటుంది. కాబట్టి యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, లేదా అదుపులో ఉన్న షుగర్ ఉన్నట్టుండి కట్టు తప్పితే డాక్టరును సూటిగా అడగాలి: క్లోమాన్ని ఒకసారి చూడాలా? చాలామందికి అక్కర్లేదనే జవాబు రావచ్చు. అడిగినందుకు పోయేదేమీ లేదు.