లైఫ్ ట్యాక్స్ కట్టాం కదా.. అంటే కుదరదు!

* పదిహేనేళ్లు నిండుతున్న ఏపీ 05 కార్లు
* గడువు తీరిన కాగితాలతో ప్రమాదం జరిగితే ఆస్తులకే ఎసరు
* ఉప్పుగాలికి తినేస్తున్న ఛాసిస్‌ను పట్టించుకునే నాథుడు లేడు

కాకినాడ: కారు కొన్న రోజున జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా ప్రీమియం అన్నీ షోరూమ్‌లోనే ఒకే మొత్తంగా చెల్లిస్తాం. దాంతో బండి కాగితాల పని జీవితాంతానికీ తీరిపోయిందన్న భావన జిల్లాలోని చాలామంది యజమానులలో పాతుకుపోయింది. లైఫ్ ట్యాక్స్ అన్న మాటే ఈ భ్రమకు మూలం. జీవితకాలానికి చెల్లించినది పన్ను మాత్రమే. సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుందని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. ఆ తరువాత బండిని అధికారికి చూపించి, అది రోడ్డుపై తిరగడానికి యోగ్యమైనదేనని అనిపించుకుంటేనే మరో అయిదేళ్లు పొడిగింపు లభిస్తుంది.

ఈ నిబంధన కొత్తదేమీ కాదు. అయితే దాని ప్రభావం ఇప్పుడు మన ప్రాంతంపై ఎక్కువగా కనిపించే సమయం వచ్చింది. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా బండ్లకు ఏపీ 05 గుర్తింపుగా ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కాకినాడ ప్రత్యేక జిల్లా అయింది. పాత నంబరు ప్లేట్లు మాత్రం వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. 2010, 2011 సంవత్సరాల్లో ఉద్యోగులు, రైతులు, చిరు వ్యాపారులు మొదటిసారిగా కొనుక్కున్న ఆల్టోలు, వ్యాగన్ఆర్‌లు, ఇండికాలు, శాంత్రోలు ఇప్పుడు ఈ పదిహేనేళ్ల గీత దగ్గరకు చేరుకున్నాయి. సి-బుక్కు బీరువాలో ఎక్కడో ఉంటుంది. అందులోని గడువు తేదీని కొన్ననాటి నుంచి తిరిగి చూసినవారు అరుదు.

గడువు తేదీకి 60 రోజుల ముందు నుంచే ఫారం 25లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలస్యమైతే కారుకు నెలకు రూ.500 చొప్పున అదనపు రుసుము పడుతుంది. కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము ఒకప్పుడు రూ.600 ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి దానిని రూ.5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో కేంద్రం దీనిని రూ.10,000కు పెంచింది. హరిత పన్ను దీనికి అదనం. పాత బండ్లను క్రమేణా రోడ్డు నుంచి తప్పించాలన్నది కేంద్రం ఉద్దేశం. అయితే విశ్రాంత ఉపాధ్యాయుడు నెలకు రెండుసార్లు బయటకు తీసే ఆల్టోకు, రోజూ వంద కిలోమీటర్లు తిరిగే బండికి ఒకే కొలమానం పెట్టడం ఎంతవరకు సబబన్న ప్రశ్న మిగిలే ఉంది.

పదిహేనేళ్లు దాటితే కారును తుక్కు కింద ఇచ్చేయాల్సిందేనన్న ప్రచారం కూడా జరుగుతోంది. ఢిల్లీ పరిసరాల్లో పాత వాహనాలపై వచ్చిన ఆంక్షలను మనకూ అన్వయించుకోవడమే దీనికి కారణం. మన రాష్ట్రంలో సొంత కారు పరీక్షలో నెగ్గితే నిరభ్యంతరంగా నడుపుకోవచ్చు. ఈ భయంతో బండిని అయినకాడికి అమ్ముకోనవసరం లేదు.

బ్యాంకు పేరు చెరగలేదు

పునరుద్ధరణకు వెళ్లినప్పుడు బయటపడే చిక్కు మరొకటి ఉంది. అప్పు తీరి పదేళ్లయినా సి-బుక్కులో ఫైనాన్స్ సంస్థ పేరు అలాగే ఉండిపోవడం మామూలైంది. ఆఖరి వాయిదా కట్టగానే బ్యాంకు నుంచి ఫారం 35, నిరభ్యంతర పత్రం తీసుకుని రవాణా శాఖ రికార్డులో ఆ పేరు తీయించుకోవాలి. కాగితం తెచ్చుకుని ఇంట్లో దాచుకున్నంత మాత్రాన రికార్డు మారదు. ఈలోగా ఆ సంస్థ మూతపడినా, మరో సంస్థలో విలీనమైనా ఆ పత్రం కోసం తిరగాల్సిన తిరుగుడు అంతా ఇంతా కాదు.

పేరు మార్పిడి సంగతి ఇంతకంటే తీవ్రమైనది. పాత కారు అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30లపై సంతకాలు పెట్టి మధ్యవర్తి చేతికిచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేయడం మన దగ్గర పరిపాటి. తేదీ, కొనేవారి పేరు ఖాళీగానే ఉంటాయి. ఆ బండి రాజమహేంద్రవరం వెళ్లిందో, తుని వెళ్లిందో అమ్మినవారికి తెలియదు. పలువురి చేతులు మారిన ఒక కారు ప్రమాదానికి కారణమైన కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, అమ్మేశామన్న వాదన చెల్లదని అందులో తేల్చింది. ఎన్నడో అమ్మేసిన కారు ఎక్కడో ఎవరినో గుద్దితే పరిహారం నోటీసు మన గుమ్మానికి వస్తుందన్న మాట. ఆ బండికి బీమా కూడా లేకపోతే చెల్లించాల్సింది మనమే.

మూడేళ్లకే తీరిన బీమా

దేశంలో తిరుగుతున్న వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివేనన్నది పార్లమెంటరీ స్థాయీ సంఘం సైతం ప్రస్తావించిన వాస్తవం. వీటిలో అధికం ద్విచక్ర వాహనాలే అయినా, కార్ల యజమానులు పొరబడే చోటు ఒకటి ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమాను మొదట్లోనే అంటగడుతున్నారు. సొంత నష్టానికి వర్తించే బీమా చాలా పాలసీల్లో ఒక్క ఏడాదికే ఉంటుంది. ఒకే పత్రంపై రెండు గడువు తేదీలు! పెద్ద అక్షరాల్లో కనిపించిన దూరపు తేదీని చూసుకుని నిశ్చింతగా ఉన్నవారు, బండికి సొట్ట పడిన రోజున గానీ అసలు విషయం తెలుసుకోలేకపోతున్నారు. గడువు దాటి 90 రోజులు గడిస్తే అంతవరకు కూడిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. ఈ వార్త రాస్తున్న విలేకరి సైతం ఒక ఏడాది పదకొండు రోజులు బీమా లేకుండా ఊళ్లు తిరిగినవాడేనని ఒప్పుకోక తప్పదు.

బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి జరిమానా రూ.2,000. రెండోసారి రూ.4,000. మూడు నెలల వరకు జైలు శిక్షకూ అవకాశముంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.2,094, ఆపై 1,500 సీసీ వరకు రూ.3,416. జరిమానా, ప్రీమియం ఇంచుమించు సమానంగా కనిపించడంతో ‘పట్టుబడినప్పుడు చూద్దాంలే’ అన్న ధోరణి పెరిగింది. ఈ లెక్క పూర్తిగా తప్పు. ఉదాహరణకు సామర్లకోట రోడ్డులో సైకిల్‌పై వెళుతున్న నలభై ఏళ్ల తాపీమేస్త్రీని కారు ఢీకొని ఆయన మరణించాడనుకుందాం. ఆయన వయసు, ఆదాయం, ఆయనపై ఆధారపడిన వారి సంఖ్యను బట్టి ట్రైబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది. అది లక్షల్లో ఉంటుంది. బీమా ఉంటే సంస్థ చెల్లిస్తుంది. లేకుంటే యజమాని ఇల్లో, పొలమో అమ్మి కట్టాలి. యజమానికి ఏమీ లేకపోతే తీర్పు కాగితం చేతపట్టుకుని ఆ మేస్త్రీ భార్య ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. ఇద్దరిలో ఎక్కువ నష్టపోయేది ఆమే.

బీమా సజీవంగా ఉన్నా రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉంటే మరో ఇబ్బంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగిసిన కారు చోరీకి గురైన కేసులో బీమా సొమ్ము ఇవ్వనవసరం లేదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేకుండా బండిని బహిరంగ ప్రదేశంలో వాడటమే పాలసీ షరతులకు మౌలిక ఉల్లంఘన అని పేర్కొంది. సొంత వాడకానికి నమోదైన తెల్ల బోర్డు కార్లను అన్నవరం, ద్రాక్షారామం యాత్రలకు, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవారికీ ఇటువంటి ముప్పే పొంచి ఉంది.

కాగితం చూడని తుప్పు

ఇక బండి విషయానికి వద్దాం. సొంత కారును తొలి పదిహేనేళ్లలో తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ యంత్రాంగం ఏదీ మన చట్టంలో లేదు. లారీలు, బస్సులు, ట్యాక్సీలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా సామర్థ్య పరీక్ష ఉంది. సొంత కారుకు ఉన్నదల్లా పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రమే. మొదటి ఏడాది మినహాయింపు. ఆ తరువాత బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకు ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకోసారి తీసుకోవాలి. పెట్రోలు బంకు పక్కన వ్యానులో ఇచ్చే ఆ పత్రం పొగ గురించే చెబుతుంది. బ్రేకులు పట్టుకుంటున్నాయో లేదో, అడుగున రేకు ఉందో ఊడిందో దానికి అక్కరలేదు.

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండగానే ఏటా పరీక్ష తప్పనిసరి. జపాన్‌లో మొదట మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి. దీనికి భిన్నంగా, మన జిల్లా పిల్లలు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2025 జనవరి నుంచి సొంత కార్ల వార్షిక భద్రతా తనిఖీని ఎత్తివేసింది. దీనిపై అక్కడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

టెక్సాస్ మాట ఎలా ఉన్నా, సముద్రపు ఒడ్డున ఉన్న కాకినాడ సంగతి వేరు. ఉప్పాడ తీరంలో తుపాను వచ్చిన ప్రతిసారీ అలలు బీచ్ రోడ్డును దాటి వస్తాయి. 2025 అక్టోబరు చివరి మొంథా తుపానుకూ ఆ రోడ్డు దెబ్బతింది. ఆ ఉప్పునీటిలోంచి నడిపిన బండిని మంచినీటితో అడుగు కడిగించకుండా అలాగే షెడ్డులో పెడితే తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లదీ అదే గతి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సస్పెన్షన్ బిగించిన చోట, బ్రేకు గొట్టాల వెంబడి, తలుపుల కింది అంచుల్లో రేకు పొరలు పొరలుగా లేస్తుంది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఛాసిస్ నంబరు స్పష్టంగా కనిపించాలి. తుప్పు పట్టి అంకెలు చెరిగితే అక్కడే పని ఆగిపోతుంది. టైరు గాడి లోతు కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది కేంద్ర నిబంధన. దీన్ని కొలిచి చూసుకునేవారు ఎందరు?

కాగితాలన్నీ సవ్యంగా ఉంటే చాలనుకునేవారు 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరాన్ని గుర్తు చేసుకోవాలి. మంటల్లో 19 మంది ప్రయాణికులను బలిగొన్న ఆ ప్రైవేటు బస్సుకు ఫిట్‌నెస్ 2027 మార్చి వరకు ఉంది. బీమా 2026 ఏప్రిల్ వరకు ఉంది. పర్మిట్ కూడా ఉంది. బస్సును సీట్ల నుంచి స్లీపర్‌గా మార్చిన తీరుపై ప్రశ్నలు తలెత్తింది ప్రాణాలు పోయాకే.

గడువు తేదీలను గుర్తు చేస్తూ యజమాని ఫోనుకు సందేశం పంపడం రవాణా శాఖకు కష్టమైన పనేమీ కాదు. అయితే పాత రికార్డుల్లో చాలాచోట్ల ఉన్నది అప్పటి డీలరు నంబరో, ఏజెంటు నంబరో, ఎప్పుడో మార్చేసిన సిమ్ నంబరో! ముందుగా రికార్డులో మన ఫోను నంబరు సరిచేయించుకుంటే తప్ప ఆ సందేశం వచ్చినా మనకు చేరదు. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్, బీమా, పొల్యూషన్ గడువులు మూడూ ఒకేచోట కనిపిస్తాయి. డిజీలాకర్‌లోని పత్రాలు 2018 నుంచి అసలు పత్రాలతో సమానంగా చెల్లుతున్నాయి. తుప్పును మాత్రం ఏ యాప్ చూపదు. అందుకు బండిని మెకానిక్ దగ్గర ర్యాంపు ఎక్కించి, టార్చి లైటు వేసి కిందికి వంగి చూడాల్సిందే.