ఆకలికి పుట్టిన మధుమేహం

ఒక వ్యాధిని ఏ పేరుతో పిలవాలన్నది వైద్యులు తమలో తాము తేల్చుకోవలసిన విషయమని, రాజధాని రాజకీయాలను గురించి వ్రాసేవాడికి దానితో పని లేదని కొందరు పాఠకులు భావించవచ్చు. కాని పేరు లేని వ్యాధికి లెక్క ఉండదు. లెక్కకు రానిదానికి బడ్జెట్టులో పద్దు ఉండదు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో సమావేశమైన అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, పోషకాహార లోపం మూలంగా వచ్చే మధుమేహాన్ని ఒక ప్రత్యేక రకంగా గుర్తించి దానికి ‘టైప్ 5’ అని పేరు పెట్టింది. ఈ దేశపు పేదలకు సంబంధించినంతవరకు ఇది పెద్ద వార్త. పత్రికలలో మాత్రం దీనికి లోపలి పేజీలలో నాలుగు పంక్తులకు మించి చోటు దొరకలేదు.

ఈ పేరుకు వెనుక ఒక విచిత్రమైన చరిత్ర ఉన్నది. 1955లో జమైకాలో ఒక వైద్యుడు, మామూలు రకాలు రెండింటిలో దేనికీ చెందని మధుమేహం కొందరు బక్కపలచని రోగులలో కనిపిస్తున్నదని వ్రాశాడు. ఆ తరువాత మన దేశంలోనూ, ఆసియా, ఆఫ్రికాలలోని ఇతర బీద దేశాలలోనూ వైద్యులు అటువంటి రోగులనే చూశారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని తన వర్గీకరణలో చేర్చింది. 1999లో, పోషకాహార లోపమే దీనికి కారణమనటానికి తగిన ఆధారం లేదంటూ తొలగించింది. రోగులు మాత్రం తొలగిపోలేదు. తరువాతి పాతికేళ్ళూ వారిని కొందరు వైద్యులు మొదటి రకమన్నారు, మరికొందరు రెండవ రకమన్నారు. ఆధారం లేదన్నప్పుడు ఆధారం వెదకటం ఎవరి బాధ్యత? సంపన్న దేశాలలో ఈ రోగులు లేరు కనుక అక్కడి పరిశోధనాలయాలు వెదకలేదు. రోగులున్న దేశాలలో పరిశోధనకు డబ్బు లేదు.

చివరకు ఆ పని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులతో కలిసి అక్కడి వైద్యులు చేసిన పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మొదటి రకం మధుమేహంలో శరీరంలోని రక్షణ వ్యవస్థే క్లోమంలోని ఇన్సులిన్ కణాలను నాశనం చేస్తుంది. రెండవ రకంలో ఇన్సులిన్ ఉంటుంది గాని శరీరం దాని మాట వినదు. వెల్లూరులో పరీక్షించిన బక్కపలచని యువకులలో ఈ రెండూ కనిపించలేదు. వారి శరీరం ఇన్సులిన్ మాట వింటూనే ఉన్నది. క్లోమమే దానిని చాలినంతగా తయారు చేయలేకపోతున్నది. పరిశీలించిన వారి సంఖ్య చిన్నదే. దీనిపై అభ్యంతరాలు చెప్పే నిపుణులు ఇప్పటికీ ఉన్నారు. వాదన సాగవలసిందే. కాని ఆచరణలో దీని ప్రాముఖ్యాన్ని గ్రహించటానికి నిపుణుడై ఉండనక్కరలేదు. మొదటి రకమని భ్రమించి అటువంటి రోగికి ఎక్కువ మోతాదులో ఇన్సులిన్ ఇచ్చారనుకుందాం. అతడికి ఆ పూట కూలి దొరకలేదు, తిండి లేదు. రక్తంలో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోతుంది. మందు ప్రాణం నిలపటానికి బదులు ప్రాణం మీదికి తెస్తుంది.

మధుమేహం భోగుల వ్యాధి అన్న అభిప్రాయం మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఢిల్లీలో ఈ విషయంపై జరిగే సభలలో ఉపన్యాసాలన్నీ మితాహారం, ఉదయపు నడక, యోగాసనాల చుట్టూనే తిరుగుతాయి. అవి మంచివి కావని ఎవరూ అనరు. నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినోత్సవం; మనకు అది బాలల దినోత్సవం కూడ. ఈ రెండింటికీ సంబంధమున్నదని ఆ సభలలో ఎవరైనా అనగా నేను వినలేదు. ఆ సంబంధాన్ని నిరూపించిన పరిశోధన మాత్రం ఇదే నగరంలో జరిగింది.

1969లో దక్షిణ ఢిల్లీలో సుమారు 12 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఎంచుకొని, అక్కడి 20 వేల పైచిలుకు వివాహిత స్త్రీల పేర్లను పరిశోధకులు నమోదు చేశారు. 1972 వరకు ఆ స్త్రీలకు పుట్టిన 8 వేలకు పైగా శిశువుల బరువును, పొడవును కొలిచి, ఆ తరువాత కూడ క్రమం తప్పకుండా ఇంటింటికీ వెళ్ళి కొలుస్తూ వచ్చారు. అప్పుడు వారి మనస్సులో మధుమేహం లేదు. గర్భధారణ, శిశువుల ఎదుగుదల అన్నవే వారి విషయాలు. మధ్యలో నిధులు సన్నగిల్లాయి, కుటుంబాలు ఇళ్ళు మారాయి, నగరమే మారిపోయింది. అయినా ఆ పుస్తకాలను ఎవరూ చెత్తబుట్టలో వేయలేదు. మన ప్రభుత్వ కార్యాలయాలలో పాత కాగితాలకు పట్టే గతి తెలిసిన వారికి ఇదే ఒక అద్భుతంగా తోస్తుంది.

ఆ పిల్లలు ముప్పయ్యవ ఏటికి చేరువవుతున్నప్పుడు వారిలో 1,492 మందిని వెదకి పట్టుకొని రక్తపరీక్షలు చేశారు. ఫలితాలు 2004లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చాయి. వారిలో 4.4 శాతం మందికి అప్పటికే మధుమేహమున్నది, మరో 10.8 శాతం మంది దాని గుమ్మంలో ఉన్నారు. వారి చిన్ననాటి కొలతలను తిరగవేసి చూస్తే తేలిందేమిటి? రెండేళ్ళ వయస్సు వరకు ఇతరులకంటె బక్కగా ఉండి, ఆ తరువాత త్వరత్వరగా ఒళ్ళు చేసినవారే ఎక్కువగా జబ్బున పడ్డారు. పన్నెండవ ఏట వారిలో స్థూలకాయుడు ఒక్కడూ లేడు. ఏ బడి మాస్టరు చూసినా ఆరోగ్యంగా ఉన్నారనే అని ఉంటాడు.

పుణె పరిసర గ్రామాలలో 1993లో మొదలైన పరిశోధన ఇంకొంచెం వెనుకకు, తల్లి గర్భంలోనికే తీసుకుపోయింది. అక్కడ పుట్టిన శిశువు సగటున 2.7 కిలోలు తూగితే ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన శిశువు 3.5 కిలోలు తూగాడు. మన బిడ్డకు తగ్గినది కండ, అవయవాలు. కొవ్వు అంతగా తగ్గలేదు. చాలీచాలని తిండితో రోజంతా పొలంలో వంగి పనిచేసిన తల్లి కడుపులో బిడ్డ చేసుకున్న సర్దుబాటు అది. ఆ సర్దుబాటుతో పుట్టినవాడు పెద్దయి పట్నం చేరి, కుర్చీలో కూర్చొని పాలిష్ బియ్యం, పంచదార తినటం మొదలుపెడితే శరీరం తట్టుకోలేదు.

ఇక దేశం మొత్తం మీద లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2008 నుండి 2020 వరకు జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పెద్దలలో 11.4 శాతం, అనగా 10.1 కోట్ల మంది, మధుమేహులు. మరో 13.6 కోట్ల మంది ఆ దారిలో ఉన్నారు. గోవాలో 26.4 శాతమైతే ఉత్తరప్రదేశ్‌లో 4.8 శాతమే. లక్నోవారు సంతోషించటానికి వీలులేదు. ఆ రాష్ట్రంలో గుమ్మం దగ్గర నిలిచినవారు 18 శాతం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అయిదేళ్ళలోపు పిల్లలలో 35.5 శాతం మంది ఎదుగుదల గిడసబారింది. ఈ రెండు సర్వేలను రెండు వేర్వేరు మంత్రిత్వ శాఖలవారు వేర్వేరు బల్లలమీద పెట్టుకొని చదువుతున్నారు.

తెలుగువారు ఈ విషయంలో ఒక పేరు గుర్తు చేసుకోవాలి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, హిమాలయ పాదాల వద్ద కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పుతో గొంతువాపు తగ్గుతుందని నిరూపించారు. థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును తయారు చేయటానికి కావలసిన ముడిసరుకు ఆ నేలలోనే లేదు. 1962లో జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. పరిశోధన శాసనంగా మారిన అరుదైన సందర్భాలలో అది ఒకటి. ఆయనే 1996లో మరి ఇద్దరితో కలిసి ఐక్యరాజ్యసమితి బాలల నిధి కోసం వ్రాసిన వ్యాసంలో, ఆఫ్రికాకంటె దక్షిణాసియాలో పిల్లల పోషణ అధ్వాన్నంగా ఉండటానికి మూలం ఇక్కడి స్త్రీల హీనస్థితిలో ఉన్నదన్నారు. ఉప్పులో అయొడిన్ కలపమంటే ప్రభుత్వాలు విన్నాయి. ఈ రెండవ మాట కష్టమైనది.

ఎంత కష్టమో మన హైదరాబాదు అనుభవమే చెబుతుంది. 1987-90 మధ్య ఆ నగరానికి సమీపంలోని 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపింది. 15 గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది. 14 గ్రామాలలో ఇంకా అందలేదు. పిల్లలు కౌమారానికి వచ్చాక చూస్తే, ఆహారం అందిన గ్రామాలవారు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్‌ను ధిక్కరించే లక్షణం వారిలో 20 శాతం తక్కువ. 2008లో ఈ ఫలితం వచ్చినప్పుడు పథకాల సమర్థకులు సంబరపడ్డారు. అయితే 2020లో ప్రచురితమైన తదుపరి పరిశీలనలో, వారు యువకులయ్యేసరికి ఆ మేలు స్పష్టంగా నిలిచినట్టు కనిపించలేదు. దీనిని చూపి ఆహార పథకాలు దండగ అనేవారు ఢిల్లీలో ఉన్నారు. నా దృష్టిలో అది తలక్రిందుల తర్కం. ఒక పూట గుప్పెడు పిండి పెట్టి జీవితమంతటికీ ఫలితం ఆశించటమే పొరపాటు.

ఆ గుప్పెడు కూడ ఎలా కొలుస్తున్నామో చూడండి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సహాయమివ్వాలని శాసించింది. 2017లో వచ్చిన పథకం మొదటి కాన్పుకు మాత్రమే, అదీ 5,000 రూపాయలు ఇచ్చింది. తక్కువైనది ఆసుపత్రి కాన్పుకు ఇచ్చే వేరొక సహాయంతో కలిపి చూసుకోమన్నది. 2022లో రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఇస్తామన్నారు. అంగన్‌వాడీలో గర్భిణి ఆహారానికి 2017లో నిర్ణయించిన ఖర్చు రోజుకు 9 రూపాయల 50 పైసలు. ఆ డబ్బుతో నేడు ఈ నగరంలో రెండు గుడ్లు కూడ రావు.

పొరుగున ఢాకాలో 1956లో డాక్టర్ మహమ్మద్ ఇబ్రహీం మధుమేహ సంఘాన్ని స్థాపించినప్పుడు, ఎంత పేదవాడైనా మధుమేహి చికిత్స లేకుండా, తిండి లేకుండా, పని లేకుండా ఉండరాదని నియమం పెట్టుకున్నారు. మందు, తిండి, పని మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయని గమనించాలి.

మన జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. గ్రామాలలో ఇంటింటికీ జరిపే పరీక్షలు 30 ఏళ్ళు నిండినవారికే. టైప్ 5 రోగులు చాలావరకు ఆ వయస్సు రాకముందే జబ్బుపడేవారు. పైగా బక్కపలచనివారు కనుక వారికి చక్కెర వ్యాధి ఉండవచ్చునని ఆరోగ్య కార్యకర్తకూ తోచదు. బరువు తగ్గి, నీరసించి వచ్చిన పాతికేళ్ళ కూలీకి క్షయ పరీక్ష జరుగుతుంది, జరగవలసిందే. దానితోపాటు ఒక రక్తపు చుక్కలో చక్కెర కూడ చూడమని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుండి ఉత్తరువు వెలువడటానికి పార్లమెంటు సమావేశం కావలసిన పని లేదు.