గృహిణి ముచ్చటలు: కొలపాత్ర

ఈ మాసపు ముచ్చట చదివి మీలో కొందఱు మమ్ము కోపింతురేమో! అయినను జరిగినదానిని దాచుట మాకు చేతకాదు.

మా పుట్టినిల్లు నెల్లూరు జిల్లాలోనిది. 1992లో ఆ సీమ స్త్రీలు సారా యంగళ్లను మూయింప లేచినపుడు, మా తల్లిగారును పసితనముననున్న మమ్ము చంకనెత్తుకొని అంగడి ముంగిట కూర్చుండిరట. మా పెదతండ్రిగారి రెండెకరముల మాగాణి అప్పటికే ఆ యంగడి పాలైనది. అట్టి యింట పెరిగిన మాకు మద్యమను మాటయే కంటగింపు.

గడచిన వేసవి సెలవులలో మావారితో గూడ ఫ్రాన్సు దేశమున లియోన్ నగరమందున్న మా మఱదిగారి యింటికి పోయితిమి. పొరుగున నున్న యెనుబదియేండ్ల వృద్ధురాలు మా అయిదుగురను రాత్రి భోజనమునకు పిలిచినది. మేము శాకాహారులమని యెఱిగి, ఆకుపచ్చని చిఱుపప్పును ఉల్లిపాయలతోను క్యారటులతోను ఉడికించి, రొట్టెయు జున్నును దోడుగా వడ్డించినది. అంతియే విందు.

బల్లపై అడుగు మందమైన గాజుసీసా యొకటి యున్నది. దానిని ఆ యూరివారు ‘పో’ అందురు. అది 46 సెంటీలీటర్లు పట్టును. మన సోలవలె అదియు నొక కొలపాత్రయే. ఆమె పెద్దసీసానుండి ఎఱ్ఱని ద్రాక్షాసవమును దానిలోనికి వంచి, పెద్దసీసాకు బిరడా బిగించి అలమరలో పెట్టి, అటుపిమ్మటనే భోజనమునకు కూర్చున్నది.

ఆ యాసవము లియోన్‌కు ఉత్తరముననున్న బోజొలే సీమది. గామే యను ద్రాక్షతో చేసినది. 1395లో బర్గండీ ప్రభువగు ఫిలిప్పు ఆ ద్రాక్షను నీచమని నిందించి, తీగలను పెఱికివేయుడని శాసించెనట. ఆ నిందపడిన ద్రాక్షయే బోజొలే కొండల రాతినేలలో చక్కగా పండి, సామాన్యుల బల్ల కెక్కినది. సీసా వెల ఏడెనిమిది యూరోలు మాత్రమే. దానిని కొంచెము చల్లబఱచి త్రాగుదురు.

ఆమె బలవంతపెట్టలేదు. మావారు మా మొగము చూచిరి. మేమొక గుక్క త్రాగితిమి. నేరేడుపండు వగరు, దానివెంట సన్నని పులుపు. మన పప్పునకు చింతపండు తోడైనట్లు, ఆ కమ్మని పప్పునకు ఆ పులుపు అమరినది. రుచిగా నుండెనని చెప్పుటకు సంకోచింపము. అందఱి గ్లాసులలో తలకొక నాలుగు గుక్కలు, ‘పో’ ఖాళీయైనది. మఱల అలమర తలుపు తెఱవుమని ఎవ్వరును అడుగలేదు.

తన చిన్ననాట బడిభోజనములలో పిల్లలకును ద్రాక్షాసవము పోయుచుండిరని ఆమె చెప్పగా, ఉపాధ్యాయులగు మావారు నివ్వెఱపోయిరి. పదునాలుగేండ్లలోపు వారికి దానిని 1956లో ప్రభుత్వము మాన్పించినది. “మా తండ్రికి కొలత తెలియదు. అందుచేతనే మా యమ్మ ఈ ‘పో’ను కొన్నది” అని ఆమె సీసాను తుడిచినది.

మద్యము కొంచెమైనను నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. కావున దీనిని మీ యింటికి తెచ్చుకొనుడని మేము చెప్పము, మేమును తేలేదు. కాని యింటిలో, అన్నముతో, ఆడువారి యెదుట, కొలిచి త్రాగునది యొకటి. వీధిలో, పరగడుపున, కొలతలేక త్రాగునది మఱియొకటి. ఆ భేదము మాకు ఆ రాత్రి తెలిసినది.

తిరిగి వచ్చి మా తల్లిగారికి నిజము చెప్పితిమి. వారు చాలసేపు పలుకలేదు. పిమ్మట, “ఆ సీసా యెంతది?” అని యడిగిరి. చేతితో చూపితిమి.

“ఆ కొలత మీ పెదనాన్నకు ఎవరు చూపిరి తల్లీ!” అని కన్నులొత్తుకొనిరి.