కడిగిన ఇంజిన్‌ను నమ్మొద్దు

జగ్దల్‌పూర్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు మొదట రంగు చూస్తారు, తర్వాత టైర్లు. బానెట్ ఎత్తగానే ఇంజిన్ నిగనిగలాడితే ముచ్చటపడతారు. నిజానికి అనుమానించాల్సింది అక్కడే. పదిహేనేళ్ల బండి ఇంజిన్‌ను అంత శ్రద్ధగా కడిగారంటే, చాలాసార్లు అది ఆయిల్ లీకును దాచడానికే.

మహానగరంలో ఈ లీకు మహా అయితే పార్కింగ్‌లో ఒక మరక. బస్తర్‌లో అలా కాదు. ఉత్తరాన రాయ్‌పూర్ సుమారు 300 కి.మీ.; మధ్యలో మెలికల కేశ్‌కాల్ ఘాట్ ఎక్కిదిగాలి. దక్షిణాన అదే 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, కోంటాల మీదుగా భద్రాచలం వైపు అడవిలోంచి సాగుతుంది. ఆయిల్ ఎర్రదీపం అక్కడ వెలిగితే చేయాల్సింది ఒకటే: వెంటనే ఇంజిన్ ఆపేయడం. 'ఇంకో ఐదు కిలోమీటర్లేగా' అనుకుంటే బేరింగులు కరిచి, ఇంజినే పట్టేయొచ్చు.

లీకు పట్టుకోవడంలో చిక్కేమిటంటే చుక్క పడిన చోట కారణం ఉండదు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి వేగానికి గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఎండి పగిలితే, తడి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట కనిపిస్తుంది. తొందరపడిన మెకానిక్ క్రాంక్ వెనక సీలు పోయిందంటాడు. దాని కోసం గేర్‌బాక్స్ దించాలి; సీలు చవకే, కూలి మాత్రం వాచిపోతుంది. ప్యాకింగ్ మారిస్తే పోయే జబ్బుకు అంత ఆపరేషన్ అన్నమాట.

బస్తర్ ఎర్రదుమ్ము ఇంకో తిరకాసు. ఆయిల్‌కు అంటుకుని పెచ్చుకట్టి అసలు చోటును కప్పేస్తుంది. అందుకే అమ్మేవాడు కడిగితే మోసం, కొన్నవాడు కడిగితే వైద్యం. చల్లారిన ఇంజిన్‌ను డిగ్రీజర్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్నచోట టాల్కమ్ పౌడర్ చల్లాలి. పది కిలోమీటర్లు తిప్పి టార్చి వేసి పైనుంచి కిందికి చూడాలి. పౌడర్ ఎక్కడ తడిస్తే, తడి ఎక్కడ అందరికన్నా ఎత్తున ఉంటే, అక్కడ దోషం. ఫిల్టర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ నట్టు వాషర్ - చవకైనవన్నీ ముందు వరసలో చూసుకోవాలి.

సీళ్లు మార్చినా మళ్లీ కారుతుంటే బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి. లోపలి ఆవిరికి దారి లేకపోతే అది ఆయిల్‌ను బయటికి తోస్తుంది. పైపు శుభ్రంగానే ఉండి, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పితే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే రింగులు అరిగినట్టు. అలాంటి బండిని ఏ సీలూ బాగుచేయదు. బేరమాడటం కూడా దండగే.

కారుతోందని బోల్టులు బిగదీయడం మరో పొరపాటు. ప్యాకింగ్ నలిగిపోతుంది, రేకు కవర్ వంగుతుంది. సిలికాన్ పేస్టు దట్టంగా పూసినా ముప్పే: లోపలికి ఊడిన ముక్కలు చాంబర్‌లోని జాలీకి అడ్డుపడి ఆయిల్ పైకి ఎక్కదు. వేడి సైలెన్సర్ గొట్టం మీద చుక్కలు పడుతుంటే మాత్రం రిపేరు వాయిదా వేయకూడదు, నిప్పంటుకోవచ్చు. ప్యాకింగ్ దగ్గర చెమ్మగా ఉండి ఊరుకునే లీకుతో కొన్నాళ్లు సర్దుకుపోవచ్చు. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడాలి, డిక్కీలో లీటరు ఆయిల్ ఉండాలి.