దళానికి బువ్వ పెట్టినోళ్లెవరు?

సెప్టెంబర్ 17 వచ్చిందంటే చాలు, ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్న తగువు మొదలవుతుంది. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి సమైక్యత. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో జెండాలెగురుతాయి, స్తూపాల మీద దండలు పడతాయి. ఉపన్యాసాల నిండా తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టినవాళ్లే ఉంటారు. వాళ్లకు దండ వేయవలసిందే. కానీ ఆ తుపాకి పట్టిన మనిషికి ఐదేళ్లపాటు బువ్వ పెట్టిందెవరని ఏ వేదిక మీదా ఎవరూ అడగరు. అడగకపోవడం మనందరి తప్పు.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టిచాకిరికి, లెవీ ధాన్యానికి, భూముల బేదఖళ్లకు ఎదురు తిరిగిన సంగం (ఆంధ్ర మహాసభ) అక్కడినుంచి నల్లగొండ జిల్లా అంతటా అంటుకుంది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పిలుపు ముగ్గురిదే, మోసింది మాత్రం పల్లెలు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్కలో పోరాటం పాకిన ఊళ్లు దాదాపు 3,000. గ్రామ దళాల్లో 10,000 మంది, గెరిల్లా దళాల్లో 2,000 మంది. జీతం లేదు, రేషన్ లేదు. వాళ్ల సరఫరా డిపో ఊరి పొయ్యే.

ఆ పొయ్యి దగ్గర కాసేపు ఆగి చూడండి. ఐదుగురున్న ఇల్లు. అర్ధరాత్రి దళం వస్తోందని కబురు. పది పన్నెండు మందికి వండాలి. జొన్నరొట్టె తడితే ఆ చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది. పొయ్యి రాజేస్తే పొగ ఊరికి తెలిసిపోతుంది. నిజాం వైపు రజాకార్లకు చెప్పేవాడు ఊళ్లోనే ఉన్నాడు. అయినా గింజలు దంచి, గటక వండి, మూట కట్టి, చేలలోకో గుట్ట కిందికో పంపాలి. పశువులు కాసే పిల్లగాడు ఆ మూట మోసేవాడు, చీటీ అందించేవాడు, గుట్ట మీద నిలబడి దారి చూసేవాడు. ఇంట్లో గింజలు నిండుగా ఉన్నాయా అంటే, లేవు. వాళ్లు పంచింది మిగిలింది కాదు, తమ పిల్లల వాటా.

కోదాడ పక్కనే మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా తునక. నండూరి ప్రసాదరావు లాంటివాళ్లు అంతకుముందే జమీందారు మీద రైతును నిలబెట్టిన నేల అది. అటు కృష్ణా జిల్లాలో పోగైన చందాలు, బట్టలు, మందులు సరిహద్దు దాటి ఇటు చేరాయంటే, దారి పొడుగునా తలుపు తీసిన ఇళ్లుండబట్టే చేరాయి.

1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం ఆపాలా, సాగించాలా అని నాయకుల్లో వాదం నడిచింది. ఆపాలన్నవారిలో రావి నారాయణరెడ్డి ఒకరు. సాగించడమే నెగ్గింది. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు వండి పెట్టే తల్లిని అడిగినవారు లేరని నా నమ్మకం. మూల్యం మాత్రం ఆమే కట్టింది. మిలిటరీ ఊరిమీద పడితే మొదట దెబ్బలు తిన్నది అన్నం పెట్టిన ఇల్లే. పారిపోయిన దొరలు ఆ మిలిటరీ వెనకే తిరిగొచ్చారు. 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ ప్రకటించేదాకా ఇంకో మూడేళ్లు ఆ ఇళ్లు నలిగాయి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవండి. దళంలో ఉండి పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి గొంతు అందులో ఉంది. చదివాక కూడా మనం ఉపన్యాసాలతో సరిపెట్టుకుంటే, మనకు మనస్సాక్షి ఉందనుకోవడమే దండగ.

అందరూ ఇష్టంతోనే పెట్టారని నేననను. భయపడి పెట్టినవాళ్లున్నారు, ఇన్‌ఫార్మరన్న ముద్రతో దళాల చేతిలో పోయినవాళ్ల ఇళ్లూ ఈ ఊళ్లలోనే ఉన్నాయి. అదీ రాయాలి. నచ్చినంతవరకే చెప్పుకుంటే అది చరిత్ర కాదు.

మరి ఈ ఇళ్లను సర్కారు గుర్తిస్తుందా? స్వాతంత్ర్య సమరయోధుల పింఛను నిబంధన ఏమంటుంది? ఆరు నెలల జైలు కావాలి, ఆడవాళ్లకు మూడు నెలలు. లేదా వారంటు ఉండి అజ్ఞాతంలో తిరిగిన రుజువు కావాలి. గటక మూట మోసిన పిల్లగాడి మీద వారంటు ఎవరు రాస్తారు? సర్కారు కాగితానికి వాళ్లు ఎన్నటికీ అందరు. ఊరికి అందాలి. వాళ్ల చేతి ముద్ద తిన్నవాళ్ల వారసులం కాబట్టి, ఈ బాకీ ఏ ఒక్క పార్టీదో కాదు, ఊరందరిదీ.

మాజీ సర్పంచులూ, బడి పంతుళ్లూ, పార్టీల కార్యకర్తలూ! ఈ సెప్టెంబరులో దండ కొనేముందు ఊళ్లో అందరికన్నా పెద్ద వయసు మనిషి పక్కన కూర్చోండి. ఏ ఇంట్లో వండారు, ఎవరు మోశారు, ఎవరు దెబ్బలు తిన్నారు, కులం చూడకుండా, పార్టీ అడగకుండా పేరు పేరునా రాసుకోండి. గ్రామసభలో చదవండి. స్తూపం మీద చోటు లేకపోతే పంచాయతీ గోడ మీద చెక్కించండి. ఆనాడు పదేళ్ల వయసులో మూట మోసిన పిల్లగాడికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. వచ్చే ఏడాదికని వాయిదా వేయకండి.