మనోడు అనేది గ్యారంటీ కాదు



సెబీ రూల్స్ చిన్నోళ్లకు తొందర అని మనోళ్లు కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను.

పెరుందురై ఈము కంపెనీలను మరిచినారా? పిల్లలిస్తాం, మేత ఇస్తాం, నెలనెలా దుడ్డు ఇస్తాం అన్నారు. 2012లో మూసేసినారు. కట్టే ముందు సెబీ నంబరు అడిగినోళ్లు ఎంతమంది?

డిపాజిటర్లను కాపాడే తమిళనాడు చట్టం 1997 నుంచే ఉంది. ఆస్తి జప్తు చేసి, ఏలం వేసి పంచుతారు. అదంతా దుడ్డు పోయినాక జరిగే పని. పదిమంది దుడ్డు చేర్చి, తానే నడిపి లాభం పంచే స్కీముకు సెబీ రిజిస్ట్రేషన్ కావాలని 1999 రూల్స్ చెప్తున్నాయి. ముందే అడ్డుకునేది అదే.

రిజిస్ట్రేషన్ ఉంటే లాభం నిశ్చయమని కాదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన చిన్నోళ్లలో మూడేళ్లలో నూటికి 93 మంది నష్టపోయినారని 2024లో సెబీయే చెప్పింది. అయినా అక్కడ లెక్క ఉంది, ఫిర్యాదుకు స్కోర్స్ ఉంది. ఈము కొట్టంలో ఏముండె?

పెళ్లిలో, కూటంలో "నేను మనోడే" అని స్కీము చెప్పేవాణ్ణి నంబరు అడగండి. సెబీ వెబ్‌సైటులో మీరే చూడండి. నంబరు లేనివాడికి మన సంఘం మైకు ఇవ్వకూడదు. వచ్చే కూటంలో ఈ తీర్మానం పెట్టాలి.