కుండీలోని సరళ వృక్షము

తెలుగు విద్యార్థులలో పెక్కుమందికి ‘బోన్‌సాయ్’ అను మాట తోటలో కాక పుస్తకములో పరిచయమైనది. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’ కథ ఆ పొట్టి వృక్షమును స్త్రీ జీవితమునకు ప్రతీకగా నిలిపినది. ఆ ప్రతీక బలమైనది. చదివినవారి మనస్సున నాటుకొన్నది. అయితే ఆ బలము వలననే ఒక అపోహయు వ్యాపించినది. బోన్‌సాయ్ అనగా తిండి పెట్టక, ఊపిరి సలుపనీయక చెట్టును గిడసబార్చు విద్య యని పలువురు తలచుచున్నారు. ఆ కథ స్త్రీని గూర్చి చెప్పినది నిజము. చెట్ల పెంపకమును దాని నుండి నేర్చుకొనబూనుట మాత్రము తగదు.

ఆకలితో మాడ్చిన చెట్టు పళ్ళెములో వందల ఏండ్లు నిలువదు. బోన్‌సాయ్ వృక్షములు కొన్ని అట్లు నిలిచియున్నవి. జపాను భాషలో ‘బోన్’ అనగా లోతు లేని పాత్ర, ‘సాయ్’ అనగా నాటుట. విద్య మాత్రము చీనా దేశమున పుట్టి జపానుకు చేరినది. వేళ్ళను కత్తిరించుట శిక్ష కాదు. ముదురు వేళ్ళు తొలగినచోట నీటిని గ్రహించు సన్నని వేళ్ళు పుట్టును. ఎరువు, ఎండ, నీరు, కొన్నేండ్లకొకసారి క్రొత్త మట్టి దానికి వేళకు అందవలెను. పొట్టితనము దాని జాతిలో లేదు. నేలలో నాటినచో మరల ఎత్తుగా ఎదుగజూచును. ఈ చెట్టుకు నిపుణుని కత్తెర వలన కలుగు హాని కంటె, క్రొత్తగా కొని తెచ్చినవారి ఉత్సాహము వలన కలుగు హానియే మిక్కుటము.

పైను వృక్షము విషయమున ఇది మరింత నిజము. పైనును సంస్కృతమున ‘సరళ’ మనిరి. లోకమున దేవదారు అని వ్యవహరించుట కలదు గాని దేవదారు వేరు. కుమారసంభవమున కాళిదాసు హిమాలయమును వర్ణించుచు, ఏనుగులు చెక్కిళ్ళ దురద తీర్చుకొనుటకు సరళ వృక్షములను రాచుకొనుటయు, అప్పుడు కారిన పాల పరిమళము కొండచరియలపై వ్యాపించుటయు చెప్పెను. ఏనుగు రాపిడికి నిలిచిన జాతిని మూరెడెత్తు చేసినను దాని స్వభావము మారదు. అది ఎండకు, గాలికి పుట్టినది. కొన్నవారు మొదట చేయు పని యేమనగా, దానిని ముందుగదిలో బల్లమీద, పుస్తకముల నడుమ అలంకరించుట! పదవీ విరమణ సభలలో శాలువాతోపాటు కుండీ మొక్క నిచ్చుటయు నేడు కలదు. శాలువా పెట్టెలో పడియున్నను చెడదు. పైను వృక్షము గదిలో నెలల తరబడి బ్రతుకదు. దాని చోటు ఆరుబయట. అతిథులు వచ్చిననాడు ఒక పూట లోనికి తెచ్చినచో చాలును.

ఇక నీరు. బోన్‌సాయ్ నేర్చువారికి నీరు పోయుట తెలియుటకే మూడేండ్లు పట్టునని జపానులో ఒక నానుడి కలదు. ఇది అతిశయోక్తి వలె తోచును గాని, చెట్లు చచ్చుట చూచినవారికి అట్లు తోచదు. ప్రతిదినము ఉదయము ఒక చెంబెడు అను నియమము పైనుకు పనికిరాదు. మబ్బు పట్టిన దినమున మట్టి ఆరదు. వడగాలి వీచిన దినమున మధ్యాహ్నమునకే ఆరిపోవును. పైమట్టిని వ్రేలితో తాకి, ఆరుచున్నదని తెలిసినపుడే పోయవలెను. పోసినపుడు అడుగు రంధ్రముల నుండి కారునంతవరకు పోయవలెను. క్రింద పళ్ళెములో నీరు నిలిచినచో వేళ్ళకు గాలి అందక కుళ్ళును. అందువలననే ఈ చెట్లను బంకమట్టిలో గాక నీరు జారిపోవు గరుకు మట్టిలో పెంచుదురు.

పైనుతో గల చిక్కు మరొకటి కలదు. తులసి వాడినచో ఆ సాయంకాలమే తలవాల్చి చెప్పును. పైను చెప్పదు. వేళ్ళు చచ్చిన పిమ్మటను సూదులవంటి దాని ఆకులు కొన్ని వారములు పచ్చగనే యుండును. యజమాని ఆ పచ్చదనమును చూచి మురియుచు, చచ్చిన చెట్టుకు నీరు పోయుచుండును. ఆకులు వెలవెలబోయి ఎండుటకు మొదలిడిన నాటికి చేయదగినది మిగులదు. శరత్కాలమున లోపలి ముదురాకులు పసుపెక్కి రాలుట మాత్రము సహజము. దానికి భయపడి ఎరువు గుప్పించుట మరియొక ప్రమాదము.

కొన్న మొదటి యేడు కత్తెరను పెట్టెలో ఉంచుట ఉత్తమము. పైను కొమ్మ పచ్చని ఆకు మిగులకుండ తెగినచో సాధారణముగ మరల చిగురింపదు. వసంతమున కొవ్వొత్తుల వలె లేచు చిగుళ్ళను త్రుంచు విద్య కలదు. నల్ల పైనులో, అదియు బలిష్ఠమైన చెట్టుకు మాత్రమే, వేసవిలో వానిని పూర్తిగ తీసివేయుదురు. తెల్ల పైనుకు అట్లు చేయరాదు. కుండీ మార్పును అంతియే. చెట్టు క్రొత్త చోటికి అలవాటు పడకముందే మట్టి మార్చరాదు. మార్చునపుడు వేళ్ళ నడుమ తెల్లని బూజు కనిపించినచో రోగమని కడిగివేయరాదు. అది వేళ్ళకు నీటిని, లవణములను అందించు శిలీంధ్రము, చెట్టుకు నేస్తము.

ఇంత ఓర్పు ఎవరి కొరకు? వాషింగ్టనులోని జాతీయ వృక్షవనపు బోన్‌సాయ్ ప్రదర్శనశాలలో 1625 నుండి పెంపకమున ఉన్న తెల్ల పైను ఒకటి కలదు. 1945 ఆగస్టు 6న అది హిరోషిమాలో, బాంబు పడిన చోటికి రెండు మైళ్ళలోపున, యమాకి కుటుంబము వారి తోటలో ఉండెను. గోడ చాటున నిలిచి బ్రతికెను. 1976లో అమెరికా ద్విశతాబ్ది సందర్భమున జపాను పంపిన 53 వృక్షములలో మసారు యమాకి దానిని చేర్చెను. తన యూరిపై బాంబు వేసిన దేశమునకే ఇచ్చెను. 2001లో ఆయన మనుమలు చూడవచ్చువరకు దాని హిరోషిమా కథ అచ్చటివారికి తెలియదు. తెలియకయే ఇరువదియైదేండ్లు వారు దానికి వేళ తప్పక నీరు పోసిరి.

కోస్తా, తెలంగాణ మైదానములలో పైనును కొనదలచినవారు ఆకులను లెక్కింపవలెను. ఒక్కొక్క గుత్తికి ఐదు సూదులున్నచో అది జపాను కొండల తెల్ల పైను. చలికాలపు విశ్రాంతి లేక మన యెండలలో క్షీణించును. రెండున్నచో అది సముద్రతీరపు నల్ల పైను కావచ్చును. కొంత ఆశ కలదు. హిమాలయపు సరళకు మూడు. సూదుల వలె తోచినవి కణుపులు కణుపులుగ విడిపోయినచో అది పైను కానే కాదు, మన సరుగుడు. చేయి తిరుగుటకు అదియో, జువ్వియో చాలును. మట్టి ఎప్పుడు మార్చితిరి, గడచిన వేసవి ఈ చెట్టు ఎచ్చట గడపినది అని అమ్మువానిని అడుగవలెను. అతడు చెప్పలేనిచో కుండీని అచ్చటనే ఉంచి వచ్చుట మేలు.